కీమో, రేడియేషన్ కలిపితే ఎంత మేలు?

“కరెంటు ఒక్కటే పెట్టి పంపెయ్యొచ్చు కదా డాక్టరుగారూ, మళ్లీ ఆ సెలైన్లెందుకు?” క్యాన్సర్ ఆసుపత్రి ఓపీలో గొంతు క్యాన్సర్ రోగి వెంట వచ్చిన కొడుకో అల్లుడో అడిగే ప్రశ్న ఇది. కరెంటంటే రేడియేషన్, సెలైన్లంటే కీమో. అడగడంలో తప్పేమీ లేదు. అమెరికా, ఫ్రాన్స్, చైనా, మన ముంబై వైద్యులు ఇదే ప్రశ్నకు జవాబు కోసం దశాబ్దాలుగా వేలమంది రోగులతో పరీక్షలు చేస్తూ వచ్చారు. జవాబు దొరికింది, కానీ అవునని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునేది కాదు. క్యాన్సర్ ఎక్కడ పుట్టింది, ఆపరేషన్ అయిందా లేదా, మనిషి వయసెంత, కిడ్నీలు ఎలా ఉన్నాయి, వీటన్నిటికీ మించి వైద్యం ఏడు వారాలు తెగకుండా సాగుతుందా అన్నదాన్ని బట్టి ఆ అవునుకి ఉన్న బలం మారుతుంది.

గొంతు క్యాన్సర్‌ను వైద్యులు తల, మెడ క్యాన్సర్లలో కలుపుతారు. అవి మెదడులో గడ్డలు కావు. నోరు, నాలుక, దవడ, అంగిలి, గొంతు, స్వరపేటిక, ముక్కు వెనక భాగం, ఈ చోట్ల లోపలి పొర నుంచి పుట్టేవి. మన దేశంలో మగవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది నోటి క్యాన్సరే. గుట్కా, ఖైనీ, వక్క, బీడీ, చుట్ట, మందు, ఇవీ కారణాలు. శ్రీకాకుళం, విశాఖ తీరపల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటుకీ, అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న లంకెను విశాఖ వైద్యులు 1970ల నాటికే ప్రపంచానికి చూపించారు. పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు పెరుగుతున్నది వేరే రకం. అది హెచ్‌పీవీ వైరస్ వల్ల టాన్సిల్ దగ్గర, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్. ఈ తేడా ముందే గుర్తుపెట్టుకోవాలి. అక్కడి రోగుల మీద తేలిన ఫలితాన్ని ఇక్కడి రోగికి ఉన్నదున్నట్టు అంటగట్టడానికి వీల్లేదు.

రేడియేషన్ క్యాన్సర్ కణంలోని డీఎన్ఏ పోగుల్ని తెంపుతుంది. కణం వాటిని అతికించుకోవాలని చూస్తుంది. కొన్ని కణాలు అతికించుకుని బతుకుతాయి కూడా. అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోసెన్‌బర్గ్ బాక్టీరియా మీద విద్యుత్ ప్రభావం చూడబోయి, ప్లాటినం కడ్డీల నుంచి వచ్చిన పదార్థం కణ విభజనను ఆపేస్తోందని 1965లో ప్రకటించాడు. ఆ దారిలో వచ్చిన సిస్‌ప్లాటిన్‌కు 1978లో అమెరికాలో అనుమతి దక్కింది. ఈ మందు డీఎన్ఏ పోగుల మధ్య అడ్డు ముడులు వేస్తుంది. కూలిన గోడను మళ్లీ కట్టబోయే మేస్త్రీ చేతులు కట్టేసినట్టు, రేడియేషన్ తెంపినదాన్ని కణం అతికించుకోకుండా చేస్తుంది. అందువల్ల రెండూ ఒకే రోజుల్లో ఒంట్లో ఉన్నప్పుడే అసలు లాభం. సిద్ధాంతం ఇంత ముచ్చటగా ఉన్నా, రోగుల్లో రుజువు కావడానికి చాలా కాలం పట్టింది. ముందు కీమో ఇచ్చి తర్వాత రేడియేషన్ పెట్టాలా, రేడియేషన్ అయ్యాక కీమో ఇవ్వాలా, రెండూ ఒకేసారి నడపాలా అన్నదాని మీద ఏ దేశంవాళ్లు ఆ దేశంలో చిన్న చిన్న పరీక్షలు చేసి, ఎవరి జవాబు వాళ్లు చెబుతూ వచ్చారు.

ఆ చిక్కు విప్పింది పారిస్ శివార్లలోని గుస్తావ్ రూసీ సంస్థలో జాన్ పియర్ పిన్యో బృందం. అన్ని పరీక్షల్లోని రోగుల వివరాలనూ ఒక్కొక్కరివి చొప్పున తెప్పించుకుని ఒకచోట గుదిగుచ్చి లెక్క కట్టారు. 2000లో మొదటి ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. 2009 నాటికి అందులో 93 పరీక్షలు, 17,346 మంది రోగులు ఉన్నారు. రెండూ ఒకేసారి ఇస్తే, అయిదేళ్లు బతికి ఉన్నవాళ్లు నూటికి 27 నుంచి దాదాపు 34కి పెరిగారు. పక్కాగా చెప్పాలంటే ఆరున్నర శాతం లాభం. కీమో ముందుగా ఇస్తే లాభం రెండు శాతం చుట్టుపక్కలే. తర్వాత ఇస్తే ఏమీ లేదు. వయసు పెరిగేకొద్దీ లాభం కరిగిపోతూ, డెబ్భై దాటినవాళ్లలో కనిపించకుండా పోయింది. 2021లో మరిన్ని పరీక్షలు చేర్చి మళ్లీ లెక్కిస్తే అయిదేళ్లకు అదే ఆరున్నర శాతం వచ్చింది, పదేళ్లకు మూడున్నర శాతం మిగిలింది.

ఈ అంకెను రెండు వైపుల నుంచీ చూడాలి. నూటికి ఆరుగురు అదనంగా బతకడం క్యాన్సర్ వైద్యంలో చిన్న సంగతి కాదు. చాలా కొత్త మందులు లక్షలు ఖర్చు పెట్టించి అంతకన్నా తక్కువ ఇస్తాయి. కానీ ఆ ఆరుగురి కోసం వందమందీ నోటిపూతతో, వాంతులతో, కిడ్నీ దెబ్బతినే భయంతో ఏడు వారాలు గడపాలి. ఆ ఆరుగురు ఎవరో ముందుగా తెలియదు. పైగా ఇది సగటు లెక్క. వైద్యం పద్ధతి ప్రకారం పూర్తయిన పరీక్షల్లో వచ్చిన సగటు. మధ్యలో ఆగిపోయిన చోట ఈ లాభం ఉంటుందని ఎవరూ చూపించలేదు. ఉండదని చూపించినవాళ్లు ఉన్నారు. అది కాసేపట్లో చెబుతాను.

అంతకు ముందు స్వరపేటిక కథ. కలిపి ఇచ్చే వైద్యానికి ఇంత పేరు తెచ్చింది బతికిన ఏళ్లు కాదు, మిగిలిన గొంతు. 1980ల వరకు ముదిరిన స్వరపేటిక క్యాన్సర్ అంటే స్వరపేటికను పూర్తిగా తీసెయ్యడమే. మనిషి మెడ మీద పెట్టిన రంధ్రంతో ఊపిరి పీల్చాలి, సొంత గొంతు ఉండదు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు 332 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి దీనికి బదులుగా ముందు కీమో, తర్వాత రేడియేషన్ ఇచ్చి చూసి 1991లో ఫలితాలు ప్రకటించాయి. రెండేళ్లకు రెండు వర్గాల్లోనూ బతికి ఉన్నవాళ్లు 68 శాతమే. కానీ కీమో వర్గంలో 64 శాతం మందికి స్వరపేటిక మిగిలింది. 2003లో ఫలితాలు వచ్చిన ఆర్‌టీఓజీ 91-11 అనే పరీక్ష మూడు దార్లను పక్కపక్కన పెట్టింది. రెండేళ్లకు స్వరపేటిక మిగిలినవాళ్లు కలిపి ఇచ్చిన వర్గంలో 88 శాతం, ముందు కీమో ఇచ్చిన వర్గంలో 75 శాతం, రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన వర్గంలో 70 శాతం. అప్పటి నుంచి కలిపి ఇవ్వడమే రివాజు అయింది.

పదేళ్ల తర్వాత అదే పరీక్ష ఫలితాలు మళ్లీ వేసినప్పుడు ఒక ఇబ్బందికరమైన విషయం బయటపడింది. స్వరపేటిక నిలవడంలో కలిపి ఇచ్చినవాళ్లే ముందున్నారు. కానీ క్యాన్సర్‌తోనో వైద్యంతోనో సంబంధం లేదని రాసిన మరణాలు వాళ్లలో 30 శాతం దాటాయి. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో అవి 17 శాతం. ఎందుకో రూఢిగా తేలలేదు. మింగుడు సరిగా లేక తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావడం ఒక కారణం కావచ్చని చాలామంది అనుమానం. అవయవం ఉండటం వేరు, అది పని చేయడం వేరు. మృదులాస్థిని తొలుచుకుపోయిన గడ్డల్ని ఈ పరీక్షలో అసలు చేర్చుకోలేదు. అలాంటి రోగికి “ఆపరేషన్ లేకుండా గొంతు నిలబెడతాం” అని ఎవరైనా హామీ ఇస్తే, ఈ పరీక్షను సాక్ష్యంగా చూపడానికి వీల్లేదు. ముక్కు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్ సంగతి మాత్రం దీనికి ఎదురు. అక్కడికి కత్తి చేరడమే కష్టం. అమెరికాలో అల్-సరాఫ్ బృందం 1998లో ప్రకటించిన పరీక్షలో మూడేళ్లకు బతికి ఉన్నవాళ్లు రేడియేషన్ ఒక్కదానితో 47 శాతం, కీమో చేరిస్తే 78 శాతం. తల, మెడ క్యాన్సర్లన్నిటిలో కలిపి ఇచ్చే వైద్యం ఇంత ఘనంగా గెలిచిన చోటు మరొకటి లేదు. కాకపోతే అది దక్షిణ చైనాలో ఎక్కువ, మన దగ్గర ఈశాన్య రాష్ట్రాల్లో కొంత, తెలుగు నేల మీద అరుదు.

మన దగ్గర ఎక్కువగా చూసే నోటి క్యాన్సర్‌కు వస్తే దారి వేరు. దవడ, నాలుక క్యాన్సర్లకు మొదటి వైద్యం ఆపరేషన్, దానితోపాటు మెడలోని బిళ్లలు తీయడం. కీమో, రేడియేషన్ వచ్చేది ఆ తర్వాత, అదీ అందరికీ కాదు. 2004లో యూరప్ వాళ్లదొకటి, అమెరికా వాళ్లదొకటి రెండు పరీక్షల ఫలితాలు ఒకే సంచికలో అచ్చయ్యాయి. యూరప్ పరీక్షలో ఆపరేషన్ తర్వాత రేడియేషన్‌కు సిస్‌ప్లాటిన్ చేరిస్తే అయిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు 40 నుంచి 53 శాతానికి పెరిగారు. అమెరికా పరీక్షలో క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గింది గానీ, ఆయుష్షులో తేడా లెక్కకు నిలవలేదు. రెండిటినీ కలిపి చూస్తే, తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ మిగిలినవాళ్లకు, మెడ బిళ్లల పొర చీల్చుకుని క్యాన్సర్ బయటికి పాకినవాళ్లకు లాభం స్పష్టంగా ఉందని తేలింది. అందుకే ఆపరేషన్ తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టులో ఈ రెండు మాటలే ముఖ్యం. ఆ రెండూ లేకపోతే ఉత్త రేడియేషన్ చాలు, కొందరికి అదీ అక్కర్లేదు. “బిళ్లకు పాకింది, కీమో పడాల్సిందే” అని ప్రతి రోగికీ చెప్పే అలవాటుకు ఈ పరీక్షల అండ లేదు.

ఆపరేషన్‌కు లొంగనంతగా ముదిరి వచ్చిన నోటి క్యాన్సర్లకు ముందు కీమో ఇవ్వడం మన దేశంలో ఎక్కువ. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు అలాంటి 721 మందికి ముందు కీమో ఇచ్చి చూస్తే 43 శాతం మంది ఆపరేషన్‌కు అనువయ్యారని 2014లో రాశారు. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో ఇలా ముందు కీమో ఇవ్వడానికి పెద్ద మర్యాద లేదు. కానీ వాళ్ల ఓపీల్లో ఇంత ముదిరి వచ్చే రోగులూ ఇంతమంది ఉండరు.

ఇక కాసేపట్లో చెబుతానన్న విషయం, మధ్యలో ఆగే వైద్యం. 2003లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో అడెల్‌స్టైన్ బృందం ఆపరేషన్‌కు వీలుకాని రోగుల్ని మూడు వర్గాలు చేసింది. మొదటి వర్గానికి రేడియేషన్ మాత్రమే. రెండో వర్గానికి ఆగకుండా రేడియేషన్, దానితో సిస్‌ప్లాటిన్. మూడో వర్గానికి కీమోతో కలిపి రేడియేషన్, కానీ మధ్యలో విరామం ఇచ్చి రెండు విడతలుగా. మూడేళ్లకు బతికి ఉన్నవాళ్లు వరసగా 23 శాతం, 37 శాతం, 27 శాతం. మూడో వర్గానికి సిస్‌ప్లాటిన్‌తోపాటు మరో కీమో మందు కూడా ఇచ్చారు. అయినా విరామం వచ్చేసరికి లాభంలో చాలా భాగం పోయింది. కారణం తెలిసినదే. వైద్యం మొదలైన మూడు నాలుగు వారాలకు, బతికి మిగిలిన క్యాన్సర్ కణాలు ముందుకన్నా వేగంగా పెరగడం మొదలుపెడతాయి. ఒక రోజు ఆలస్యానికి గడ్డ లొంగే అవకాశం నూటికి ఒకటో, అంతకు కాస్త ఎక్కువో తగ్గుతుందని లెక్క. పండక్కి ఊరెళ్లి వచ్చిన వారం, మిషన్ రిపేరైన వారం, నోరు పూసి తిండి లేక మంచం పట్టిన వారం అన్నీ కలిస్తే సిస్‌ప్లాటిన్ తెచ్చిన ఆరున్నర శాతం కాస్తా అక్కడే ఖర్చయిపోతుంది.

ఆ ఏడు వారాలు ఎలా ఉంటాయో చూస్తే ఎందుకు ఆగుతుందో అర్థమవుతుంది. మొదట మాస్క్ తయారు చేస్తారు. వేడినీళ్లలో మెత్తబడ్డ చిల్లుల ప్లాస్టిక్ పలకను ముఖం మీద, మెడ మీద అదుముతారు. కొన్ని నిమిషాల్లో అది గట్టిపడి ఆ మనిషి ముఖం అచ్చుకు వస్తుంది. రోజూ దాన్ని బల్లకు బిగించి, తల కదలకుండా చేసి రేడియేషన్ పెడతారు. వారానికి అయిదు రోజులు, రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), మొత్తం 66 నుంచి 70 గ్రే. బల్ల మీద గడిపేది నిమిషాలే. దాని కోసం ఊరి నుంచి రావాలి, లేదా ఆసుపత్రి దగ్గర గది తీసుకోవాలి. రెండో వారం చివరికి నాలుక మీద రుచి పోతుంది. మూడో వారానికి నోరు పూస్తుంది. ఉప్పు, కారం తగిలితే నిప్పు తగిలినట్టే. అన్నం మాని గంజి, గంజి మాని మజ్జిగ, అదీ దిగకపోతే ముక్కు గొట్టం. ఆరో వారానికి మెడ చర్మం కమిలి ఊడుతుంది. మొదటి వారమే గొట్టం గురించి, బలమైన నొప్పి మందుల గురించి మాట్లాడిన ఆసుపత్రిలో వైద్యం పూర్తి చేసేవాళ్లు ఎక్కువ. పాడైన పళ్లు రేడియేషన్‌కు ముందే పీకించి, రెండు వారాలైనా పుండు మాననివ్వాలి. తర్వాత పీకితే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఏళ్లపాటు ఉంటుంది. ఈ దంత వైద్యం మన దగ్గర ఎంత తరచుగా తప్పిపోతుందో తల్చుకుంటే కోపం వస్తుంది. అందులో ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు.

సిస్‌ప్లాటిన్ ఎక్కించే రోజు వేరే సంగతి. అసలు పద్ధతి ప్రకారం శరీర వైశాల్యం చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి, మొత్తం మూడుసార్లు. అరవై కిలోల మనిషికి ఒక్కసారికి దాదాపు 160 మిల్లీగ్రాములు. ముందు కిడ్నీల పనితీరు కోసం రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. తర్వాత పొటాషియం, మెగ్నీషియం కలిపిన సెలైన్ గంటలకొద్దీ. వాంతులకు రెండు మూడు రకాల మందులు. అప్పుడు సిస్‌ప్లాటిన్. మళ్లీ సెలైన్. నర్సు మూత్రం కొలిచి రాసుకుంటూ ఉంటుంది. వాంతులు ఆ రోజు కన్నా రెండో రోజు నుంచి ఎక్కువ. ఈ మందు కిడ్నీలనే కాదు, చెవుల్నీ దెబ్బతీస్తుంది. చెవిలో హోరు మొదలైందని రోగి చెప్పినా, అడిగేవాళ్లు లేక చాలాసార్లు రికార్డుకెక్కదు.

ఇంత కష్టానికి బదులు మన దేశంలో చాలా చోట్ల వారానికోసారి కొంచెం కొంచెంగా ఇచ్చే పద్ధతి పాతుకుపోయింది. పడక దొరకడం తేలిక, ఒక రోజులో ఇంటికి పంపొచ్చు. ఇది సమానమేనా అని టాటా మెమోరియల్‌లో నొరొన్హా బృందం 300 మందిలో పరీక్షించి 2018లో ప్రకటించింది. వీళ్లలో ఎక్కువమంది ఆపరేషన్ అయినవాళ్లే. వారానికి చదరపు మీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున తీసుకున్నవాళ్లలో రెండేళ్లకు నోరు, మెడ ప్రాంతంలో క్యాన్సర్ అదుపులో ఉన్నవాళ్లు 58.5 శాతం. మూడు వారాలకోసారి 100 తీసుకున్నవాళ్లలో 73.1 శాతం. దుష్ప్రభావాలు రెండో వర్గంలో ఎక్కువే. ఈ ఫలితం వచ్చాక కూడా 30 మిల్లీగ్రాముల అలవాటు వదలని చోట్లున్నాయి. తర్వాత జపాన్‌లో వారానికి 40 ఇచ్చి చూస్తే, ఆపరేషన్ తర్వాతి రోగుల్లో 100తో పోలిస్తే తీసిపోలేదు. మూడేళ్లకు బతికి ఉన్నవాళ్లు 71.6 శాతం, అటు 59.1 శాతం. ఆపరేషన్ లేకుండా వైద్యం చేసే రోగుల్లో మన దేశంలోనే జరిగిన కన్సర్ట్ పరీక్షలోనూ వారానికి 40 తీసిపోలేదు. నా ఉద్దేశంలో చిక్కు వారం వారం ఇవ్వడంలో లేదు, వారం వారం చాలీచాలకుండా ఇవ్వడంలో ఉంది. మొత్తమ్మీద ఒంట్లోకి చదరపు మీటరుకు 200 మిల్లీగ్రాములైనా చేరాలని వైద్యులు చెప్పుకునే లెక్కకు వారానికి 40 చొప్పున అయిదు వారాలు సరిపోతుంది. ఒకటి తప్పినా ఇంకో వారం చేతిలో ఉంటుంది.

మందు గురించి ఇంత కొట్లాట జరుగుతుంటే రేడియేషన్ ఎలా పెట్టారన్నది ఎవరూ అడగరు. 2010లో లెస్టర్ పీటర్స్ బృందం 861 మంది చేరిన ఒక పెద్ద అంతర్జాతీయ పరీక్షలోని రేడియేషన్ ప్లాన్లను తిరగేసిన ఫలితం ప్రకటించింది. అసలు ఆ పరీక్ష కొత్త మందు కోసం జరిగింది, ఆ మందు పనిచేయలేదు. కానీ ప్లాన్‌లో పెద్ద లోపాలున్న రోగుల్లో రెండేళ్లకు బతికి ఉన్నవాళ్లు 50 శాతం, ప్లాన్ సరిగా ఉన్నవాళ్లలో 70 శాతం. ఇరవై శాతం తేడా. సిస్‌ప్లాటిన్ ఇచ్చేదానికి మూడింతలు. కొద్దిమంది రోగుల్నే చేర్చిన ఆసుపత్రుల్లో లోపాలు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది చదివాక, ఏ మందు ఇస్తారని ఆరా తీసే కుటుంబం “ఇక్కడ ఏడాదికి ఎంతమందికి గొంతు రేడియేషన్ పెడతారు, ప్లాన్ ఎవరు గీస్తారు” అని అడగడమే మేలనిపిస్తుంది. రేడియేషన్ పెట్టే పద్ధతి కూడా లెక్కలోకి వస్తుంది. కిరణాల బలాన్ని చోటును బట్టి మార్చే ఐఎంఆర్‌టీ పద్ధతి లాలాజల గ్రంథుల్ని తప్పించి నోరు ఎండిపోవడాన్ని బాగా తగ్గిస్తుందని బ్రిటన్‌లో 2011లోనే తేలింది.

సిస్‌ప్లాటిన్ పడనివాళ్ల సంగతేమిటి? కిడ్నీలు బలహీనం, చెవుడు, గుండె జబ్బు, డెబ్భై దాటిన వయసు. వీళ్లేమీ తక్కువమంది కాదు. 2006లో సెటుక్సిమాబ్ అనే మందు చేరిస్తే ఉత్త రేడియేషన్ కన్నా మేలని బానర్ బృందం చూపించింది. కానీ సిస్‌ప్లాటిన్ ఇవ్వగలిగిన హెచ్‌పీవీ రోగుల్లో, దుష్ప్రభావాలు తగ్గుతాయని దాన్ని బదులుగా ఇచ్చి చూస్తే, రెండు పెద్ద పరీక్షల్లో రోగులు ఎక్కువమంది చనిపోయారు. హెచ్‌పీవీ క్యాన్సర్ త్వరగా లొంగుతుంది కాబట్టి వైద్యం తగ్గిద్దామన్న ఉత్సాహం దానితో చల్లబడింది. పొగాకు నమిలిన మన నోటి క్యాన్సర్‌కు ఆ చర్చ అసలే వర్తించదు. ఇక్కడి రోగికి పనికొచ్చే జవాబు ముంబై నుంచే వచ్చింది. సిస్‌ప్లాటిన్ పడని 356 మందిలో వారానికి చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాముల డోసిటాక్సెల్ రేడియేషన్‌తో కలిపి ఇస్తే, రెండేళ్లకు బతికి ఉన్నవాళ్లు 41.7 నుంచి 50.8 శాతానికి పెరిగారని 2023లో పాటిల్ బృందం రాసింది. పాత మందు, చవక మందు. నోటిపూత ఎక్కువవుతుంది, అది దాచాల్సిన పని లేదు.

గత పదేళ్లుగా అందరి ఆశా ఇమ్యునోథెరపీ మీద, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందుల మీద. కీమో, రేడియేషన్‌తో పాటే అవెలుమాబ్ చేర్చి చూశారు, ఫలించలేదు. పెంబ్రోలిజుమాబ్ చేర్చారు, తేడా లెక్కకు నిలవలేదు. ఇమ్యునోథెరపీ కాని మరో కొత్త మందు, ముందస్తు పరీక్షల్లో ఊరించిన జెవినాపాంట్ కూడా పెద్ద పరీక్షలో 2024లో చతికిలబడింది. ఇమ్యునోథెరపీ సంగతికొస్తే, రేడియేషన్ మెడ బిళ్లల్లోని రోగనిరోధక కణాలనూ చంపుతుంది కదా, అదే కాలంలో వాటిని రెచ్చగొట్టే మందు ఇస్తే ఏం ప్రయోజనం అని కొందరి వాదన. అది నిజమేననిపించేలా, 2025లో ఆపరేషన్‌కు ముందే పెంబ్రోలిజుమాబ్ మొదలుపెట్టి తర్వాత కొనసాగించిన కీనోట్-689 పరీక్ష నెగ్గింది, అమెరికాలో అనుమతీ వచ్చింది. ఆపరేషన్ తర్వాత కీమో, రేడియేషన్‌కు నివొలుమాబ్ చేర్చిన ఫ్రెంచి వాళ్ల నివోపోస్టాప్ పరీక్ష కూడా అదే ఏడాది గెలిచింది. దాన్ని బట్టి పై వాదన మొత్తానికి సరిపోదనీ తెలుస్తోంది.

ఈ మందుల పూర్తి మోతాదు ఏడాదంతా కొనగలిగిన కుటుంబాలు మన దగ్గర బహు తక్కువ. ఆరోగ్యశ్రీ వచ్చిన 2007 నుంచి పేద రోగికి సిస్‌ప్లాటిన్, రేడియేషన్ చేతికందాయి. ఇమ్యునోథెరపీని అదే లెక్కన ఇవ్వడం ఏ ప్రభుత్వానికైనా మోయలేని బరువు. నయం కాని దశలో ఉన్న రోగులకు నివొలుమాబ్ మామూలు మోతాదులో పదో వంతుకన్నా తక్కువగా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాముల చొప్పున, నోటిమాత్రలతో కలిపి ఇస్తే ఏడాది బతికినవాళ్లు 16 నుంచి 43 శాతానికి పెరిగారని టాటా మెమోరియల్ వైద్యులు చూపించారు. ఆ చిన్న మోతాదును ఆపరేషన్‌కు ముందూ, కీమో రేడియేషన్‌తో పాటూ ఇచ్చి చూసే పెద్ద పరీక్షకు డబ్బు పెట్టడానికి మందుల కంపెనీ ముందుకు రాదు. ఆ పని చేయాల్సింది ప్రజల సొమ్ముతో నడిచే ఆసుపత్రులే.